తప్పెవరిదని మన పిల్లలు అనుకుంటున్నారు?

(మన సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది ఈ సభలో ఇఖామా గురించి, జీతం బకాయిల గురించి, ఏజెంట్ల మోసాల గురించి, ఇంటికి చేరాల్సిన మృతదేహాల గురించి మాట్లాడుకుంటాం. అవి ఎప్పుడూ మాట్లాడుకోవాల్సినవే. ఈసారి మాకు అప్పగించిన అంశం వేరు. ఆడపిల్లల మీద వేధింపు జరిగినప్పుడు తప్పెవరిదని చదువుకునే పిల్లలు అనుకుంటున్నారు? అందులో అబ్బాయిల మాటకు, అమ్మాయిల మాటకు తేడా ఎందుకొస్తోంది?

ఈ అంశం చెప్పగానే మా క్యాంపులో ఒకాయన అడిగాడు: "ఇది మనకెందుకన్నా? ఇది కాలేజీలోళ్ల ముచ్చట గదా!" అందరికంటే ఎక్కువ ఇది మన ముచ్చటే అని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం. ఊళ్లో ఉండే తండ్రి బిడ్డ ముఖం చూస్తాడు. ఏదో జరిగిందని పసిగడతాడు. అరిచినా తిట్టినా రాత్రికి పక్కన కూర్చుని అన్నం తినిపిస్తాడు. మనకు ఆ వీలు లేదు. మనం మన పిల్లలకు ఫోన్‌లో ఒక గొంతు మాత్రమే. జగిత్యాలలో, సిరిసిల్లలో, నిజామాబాదులో, రాజంపేటలో, కోనసీమలో ఉన్న మన బిడ్డ ధైర్యం చేసి ఒక మాట చెబితే, మన నోటి నుంచి వచ్చే మొదటి ముక్కే ఆమెకు మిగులుతుంది. దానికి తోడు ఫీజు పంపేది మనం. చదువు సాగాలా, ఆగాలా అనే నిర్ణయం చాలా ఇళ్లల్లో ఇక్కడినుంచే పోతుంది.

ఈ మాటలు తయారుచేసుకునేటప్పుడు మేము మా గదుల్లో ఉన్నవాళ్ల పిల్లలతో, మా చుట్టాల పిల్లలతో కొందరితో ఫోన్‌లో మాట్లాడాం. ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ చదివే పిల్లలు. ఇది సర్వే కాదు, లెక్కలేం వేయలేదు. అందరినీ ఒకటే అడిగాం. "ఒక అమ్మాయి కోచింగ్ అయ్యాక సాయంత్రం ఆరున్నరకు బస్టాపులో ఒక్కతే ఉంది. ఇద్దరు బండి మీద వచ్చి చుట్టూ తిరిగారు, మాటలన్నారు, ఫోన్‌తో వీడియో తీశారు. తప్పెవరిది?"

అబ్బాయిలు చెడ్డవాళ్లేం కాదు. దాదాపు అందరూ ముందు "వాళ్లదే తప్పు" అన్నారు. ఆ తర్వాత ఒక "కాకపోతే" వచ్చింది. "కాకపోతే అంత లేటుగా ఒక్కతే ఎందుకున్నది?" "కాకపోతే ఈమె ఒకసారి నవ్వి ఉంటది." "రెండు చేతులు కలిస్తేనే గదా చప్పట్లు." ఒక పిల్లాడు మాత్రం మనసులో ఉన్నది దాచకుండా అన్నాడు: "బాబాయ్, ఆ బండి మీదున్నోడు మా దోస్తే అనుకో. ఒక్క కేసుతోని వాని లైఫ్ మొత్తం పోతది గదా!"

అమ్మాయిలు వేరే దారిలో పోయారు. ఒక అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది: "తర్వాత బస్సు ఎన్నింటికి?" ఇంకో అమ్మాయి, "ఆ వీడియో ఎక్కడ పెడతారో అని ఆమెకు రాత్రంతా నిద్ర ఉండదు" అంది. కోనసీమ పిల్ల ఒకామె, "ఇంట్లో చెప్తే రేపట్నించి కోచింగ్ మానేయమంటారండీ, అందుకే ఆ అమ్మాయి చెప్పదు" అంది. అయితే అమ్మాయిల్లోనూ "కాకపోతే" ఉంది. "మెయిన్ గేటు దగ్గర లైటు ఉంటుంది, అక్కడ నిలబడాల్సింది" అన్న పిల్ల కూడా ఉంది.

అబ్బాయి ఆలోచన బండి మీదున్నవాడి భవిష్యత్తు దగ్గర ఆగింది. అమ్మాయి ఆలోచన బస్టాపులో నిలబడ్డ పిల్ల దగ్గర ఆగింది. ఇద్దరూ విన్నది ఒకే కథ.

ఈ తేడాను చదువుకున్నవాళ్లు ఎప్పటినుంచో పరిశీలిస్తున్నారు. 1980లో అమెరికాలో మార్తా బర్ట్ అనే పరిశోధకురాలు అత్యాచారం గురించి జనంలో ఉన్న అపోహలను కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేసింది. "ఆ బట్టలు వేసుకుంటే అడిగి తెచ్చుకున్నట్టే", "గట్టిగా ఎదిరిస్తే ఎవడేం చేయగలడు" లాంటి నమ్మకాలను ఎంతమంది ఒప్పుకుంటారో అందులో చూస్తారు. అప్పటినుంచి అలాంటి ప్రశ్నలతో ఎన్నో దేశాల్లో కాలేజీ విద్యార్థులను అడిగారు. ఎక్కువ చోట్ల కనబడిన సంగతి ఒకటే. సగటు తీస్తే, బాధితురాలి మీద తప్పు వేయడం అబ్బాయిల్లో ఎక్కువ, అమ్మాయిల్లో తక్కువ.

ఎందుకు? అబ్బాయిల పుట్టుకే అంత అని కొందరు చేతులు దులుపుకుంటారు. దానికి 1970లో కెల్లీ షేవర్ అనే ఆయన చేసిన పరిశోధనలో మంచి జవాబు ఉంది. ఆయన తీసుకున్నది వేధింపు కాదు, ఒక యాక్సిడెంటు. అందులో చిక్కుకున్న మనిషి మనలాంటివాడే అనిపిస్తే, ఆ మనిషి మీద తక్కువ తప్పు వేస్తామని ఆయన గమనించాడు. రేపు అదే పరిస్థితి మనకొస్తే, మన మీద నింద పడకూడదు గదా! కాబట్టి కథ వినేటప్పుడు ఎవరి స్థానంలో మనల్ని మనం ఊహించుకుంటామో, వాళ్ల తప్పు చిన్నదవుతుంది. అబ్బాయి రోజూ సినిమాల్లో చూసేది హీరో అమ్మాయి వెంటపడటం, ఆమె విసుక్కోవడం, చివరకు ఒప్పుకోవడం. ఆ కథలో తనెప్పుడూ బస్టాపులో నిలబడ్డ మనిషి కాడు. ఎవరో ఒకరు నేర్పితే తప్ప అక్కడ నిలబడి చూడటం రాదు. నేర్పితే వస్తుంది. ఇది మగబుద్ధి అయితే మార్చలేం, నేర్చుకున్న చూపు అయితే మార్చగలం.

మరి అమ్మాయిల "కాకపోతే" ఎక్కడిది? దీనికీ ఒక పరిశోధన ఉంది. మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ 1966లో అచ్చు వేసిన ప్రయోగం. విద్యార్థినులకు ఒక అమ్మాయిని చూపించారు. ఆమె తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇస్తున్నట్టు నటించారు. ఆమె తప్పేమీ లేదని చూసేవాళ్లకు తెలుసు. ఆ బాధను ఆపే వీలు ఉన్నవాళ్లు ఆమెను మామూలుగానే చూశారు. ఆపే వీలు లేక చూస్తూ కూర్చోవాల్సి వచ్చినవాళ్లు మెల్లగా ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. ఎందుకంటే, ఏ తప్పూ చేయని మనిషికి అలా జరుగుతుందని ఒప్పుకుంటే, రేపు నాకూ జరగొచ్చని ఒప్పుకోవాలి. అది భయం. ఆ భయం పోగొట్టుకోవడానికి "ఆమె ఏదో చేసే ఉంటుంది, నేను చేయను, నాకు జరగదు" అనుకుంటాం. లైటు కింద నిలబడాల్సింది అన్న పిల్ల మాటలో ఉన్నది ఈ భయమే. మగపిల్లాడు తన జట్టును కాపాడుకోవడానికి నింద వేస్తే, ఆడపిల్ల తన ధైర్యాన్ని కాపాడుకోవడానికి వేస్తుంది. నింద పడేది మాత్రం ఆ ఒక్క మనిషి మీదే.

ఆడవాళ్లంటే ఆడవాళ్ల పక్షమే ఉంటారని అనుకోవద్దు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టడం గురించి అడిగారు. చెప్పకుండా బయటికి పోవడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు చెప్పడం లాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా కొట్టొచ్చా అని ప్రశ్న. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి కొట్టొచ్చని చెప్పారు. మగవాళ్లలో ఆ మాట అన్నవాళ్లు అంతకంటే తక్కువ. దేశంలో ఈ లెక్కలో మన రెండు రాష్ట్రాల ఆడవాళ్లే ముందున్నారు. వేధింపు వేరు, ఇంట్లో దెబ్బ వేరు. కానీ దెబ్బ తిన్న మనిషిలోనే కారణం వెతకడం రెండింటిలోనూ ఒకటే. మన అమ్మలు, అక్కలు తమ మీదే నింద వేసుకోవడం నేర్చుకున్నారంటే, అది వాళ్లు ఎంతకాలం విన్న మాటో ఆలోచించండి.

మన ఇళ్లల్లో ఒక సామెత ఉంది. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అని. ఈ సామెత చెప్పేది నష్టం ఎవరికని. తప్పెవరిదని అందులో ఎక్కడా లేదు. మనం మాత్రం దాన్ని తీర్పు కింద వాడేశాం. ఆకుకు వంద జాగ్రత్తలు చెప్పాం. ముల్లును పిలిచి ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. నింద అంటే ఏంటో గల్ఫ్ కార్మికుడికి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. ఏజెంటు లక్షన్నర తీసుకుని విజిట్ వీసా మీద పంపితే, ఇక్కడ పని లేక, తిండి లేక తిరిగి ఊరికి పోయినోణ్ని ఊరు ఏమంది? "నీ బుద్ధి ఏడబోయింది? కాయితం చూసుకోవద్దా?" ఏజెంటు అదే ఊళ్లో కొత్త కారులో తిరుగుతుంటాడు. వాణ్ని ఎవరూ అడగరు. మోసపోయినోడు తలవంచుకుని పక్క వీధిలో నడుస్తాడు.

మా ట్రేడ్‌లో ఇంకో ఉదాహరణ. ఇది ఇక్కడ ఒక సైట్‌లో జరిగింది. మేస్త్రీ ఒకాయన స్కఫోల్డింగ్ మీదినుంచి పడ్డాడు. నడుముకు దెబ్బ. రిపోర్టులో కారణం అన్న చోట రాసింది, "కార్మికుడు సేఫ్టీ బెల్టు హుక్ తగిలించుకోలేదు" అని. మేము పోయి చూస్తే హుక్ తగిలించడానికి అక్కడ లైఫ్‌లైనే కట్టలేదు. ప్లాంక్ కింద క్లాంపు వదులైంది. ఆకుపచ్చ ట్యాగ్ మాత్రం తగిలించి ఉంది. ఆ రిపోర్టు చదివి మనకు ఎంత మండింది! ఆసుపత్రి మంచం మీద ఉన్న ఆ మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? "నాదే పొరపాటేమో సారూ, ఇంకొంచెం చూసుకుని కాలు పెట్టాల్సింది" అన్నాడు. దెబ్బ తిన్న మనిషే తప్పు తన మీద వేసుకున్నాడు. బస్టాపులో నిలబడ్డ పిల్ల ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని అనుకునే మాట కూడా అదే. ఆ రిపోర్టు చదివినప్పుడు మనకొచ్చిన కోపం న్యాయమైనదైతే, ఆ పిల్లను ప్రశ్నించినప్పుడు కూడా మనకు అదే కోపం రావాలి.

"అయితే జాగ్రత్త చెప్పొద్దా?" అని అడుగుతారు. చెప్పాలి. మేము రోజూ పొద్దున ఆరింటికి టూల్‌బాక్స్ టాక్ పెట్టేది జాగ్రత్త చెప్పడానికే. కానీ జాగ్రత్త పనికి ముందు చెప్పే మాట. దెబ్బ తగిలాక అదే మాట చెబితే అది నింద అవుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. పైనుంచి పడే ఇటుకకు బుద్ధి లేదు, అది ఎవరి మీదైనా పడుతుంది. బండి మీద వచ్చినవాడికి బుద్ధి ఉంది. తిరగాలా, తిరగొద్దా అని వాడే తేల్చుకుని వచ్చాడు. అందుకే హెల్మెట్ లెక్కను తెచ్చి అమ్మాయి చున్నీకి కట్టడం కుదరదు.

ఈ "కాకపోతే" ఎంత దూరం పోతుందో మన చరిత్రలోనే ఉంది. 1978లో హైదరాబాదులో రమీజాబీ అనే ఆవిడ మీద నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కానీ విచారణ పొడవునా పోలీసుల తరఫు వాదన ఒక్కటే: ఆమె నడత మంచిది కాదు. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. బాధితురాలి నడత చెడ్డదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయడానికి అప్పటి సాక్ష్య చట్టమే దారి ఇచ్చింది. ఆ నిబంధనను మన దేశం 2003లో గానీ తీసేయలేదు.

చట్టంలోంచి పోయింది, నాలుక మీద మాత్రం మిగిలింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం మనందరికీ తెలుసు. దిశ అని పేరు పెట్టి పిలుచుకున్న ఆ పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి తీసింది నిందితులేనని పోలీసులే చెప్పారు. ఆ అమ్మాయి చదువుకుంది, ఉద్యోగం చేసుకుంటోంది, భయం వేయగానే చెల్లెలికి ఫోన్ చేసింది. ఇంతకంటే ఏ జాగ్రత్త తీసుకోవాలి? అయినా అప్పటి రాష్ట్ర హోంమంత్రి మహమూద్ అలీ ఏమన్నారంటే, చదువుకున్న అమ్మాయి చెల్లెలికి కాకుండా 100 నంబరుకు ఫోన్ చేసి ఉంటే బతికేది అని. ఆ రాత్రి ఇంటివాళ్లు పోలీసుల దగ్గరికి పోతే, ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అన్నట్టు మాట్లాడారని ఆ కుటుంబం చెప్పింది. కేసు నమోదులో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఇక్కడ నింద నోటి మాటతో ఆగలేదు. వెతకాల్సిన గంటలు పోయాయి. అమ్మాయి మీద అనుమానం పెట్టుకున్నవాడు ఆమె కోసం పరుగెత్తడు.

ఇక మనం బతుకుతున్న ఈ దేశం సంగతి. 2017 సెప్టెంబరులో ఆడవాళ్లు కారు నడపొచ్చని సౌదీ రాజు ఉత్తర్వు ఇచ్చిన రెండు రోజులకే, వేధింపులకు వ్యతిరేకంగా చట్టం తయారుచేయమని హోంశాఖకు ఆదేశం పోయింది. ఆడవాళ్లు బయటికొస్తే వేధింపులు పెరుగుతాయని ఇక్కడా చాలామంది అన్నారు. మన ఊళ్లో అయితే "అందుకే బయటికి పోవద్దు" అని ముగించేవాళ్లం. ఇక్కడ బయటికి రానిచ్చి, వేధించేవాడికి శిక్ష రాశారు. 2018 మే చివర్లో చట్టం ఆమోదం పొందింది. జూన్ 24న ఆడవాళ్లు స్టీరింగ్ పట్టుకున్నారు.

ఆ చట్టంలో వేధింపు అంటే ఏంటో రాసి ఉంది. ఒక మనిషి ఇంకో మనిషి శరీరానికి, మానానికి, సిగ్గుకు భంగం కలిగేలా లైంగికమైన మాట అన్నా, పని చేసినా, సైగ చేసినా వేధింపే. ఫోన్, ఇంటర్నెట్ ద్వారా చేసినా అంతే. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా, లేదా రెండూ. బాధితులు పిల్లలైనా, వికలాంగులైనా, నేరం పని చోటనో బడిలోనో జరిగినా, చేసినవాడికి వాళ్ల మీద అధికారం ఉన్నా ఐదేళ్లు, మూడు లక్షల దాకా పోతుంది. 2021లో సవరణ చేసి, కోర్టు ఆదేశిస్తే దోషి పేరు, తీర్పు వాడి ఖర్చుతోనే పత్రికలో వేయొచ్చని చేర్చారు. బాధితురాలి వివరాలు మాత్రం గుట్టుగా ఉంచాలి. మన ఊళ్లో తలకిందులుగా జరుగుతుంది. అమ్మాయి పేరు ఊరంతా తెలుస్తుంది, వాడి పేరు పెద్దమనుషుల పంచాయితీలో మునిగిపోతుంది. ఇంకొకటి, ఉత్తుత్తి ఫిర్యాదు చేస్తే ఆ నేరానికున్న శిక్షే ఫిర్యాదు చేసినవాళ్లకు పడుతుంది. "అబద్ధపు కేసులు పెడితే ఎట్లా?" అని భయపడే తమ్ముళ్లకు జవాబు చట్టంలోనే ఉందన్నమాట. నిజం తేల్చే పని విచారణది. ఆ భయంతో ప్రతి అమ్మాయినీ ముందే అనుమానించాల్సిన పనిలేదు.

తమ్ముళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడు సైట్లకు సౌదీ మహిళా ఇంజినీర్లు, సేఫ్టీ ఆఫీసర్లు వస్తున్నారు. మాల్‌లో, పార్కులో కుటుంబాలు తిరుగుతున్నాయి. ఫోన్ తీసి వీడియో పట్టడం, వెనక నడవడం, తెలుగులో అంటే అర్థం కాదులే అని కామెంట్ చేయడం ఇవేవీ సరదా కాదు. కేసు పడితే ఉద్యోగం, ఇఖామా రెండూ ప్రమాదంలో పడతాయి. అప్పు మాత్రం ఊళ్లో అట్లాగే ఉంటుంది. భయపడి ఊరుకోవడం మొదటి మెట్టు. ఆమె కూడా మన అక్కలాగే పనికి వచ్చిన మనిషి అని ఊరుకుంటే అది అసలైన మెట్టు.

కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి వచ్చిన మన అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఎవరైనా ఒకామె ఇంట్లో వేధిస్తున్నారని బయటపడితే, మన క్యాంపుల్లోనే వినబడే మాట, "ఆడదానికి గల్ఫ్ ఎందుకు?" మనం ఎందుకొచ్చామో ఆమె కూడా అందుకే వచ్చింది. అప్పు తీర్చాలి, పిల్ల పెళ్లి చేయాలి, ఇంటికి స్లాబ్ వేయాలి. అలాంటి అక్క మన దగ్గరికి వస్తే ఆమె చరిత్ర అడగొద్దు. తిన్నావా అని అడగాలి. తర్వాత ఎంబసీ దారి చూపాలి. అపాయంలో ఉంటే రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో 911, మిగతా చోట్ల 999.

చివరిగా, మన ఇంటి ఫోన్ సంగతి. బిడ్డ ఫోన్ చేసి, "నాన్నా, కాలేజీ దారిలో ఒకడు సతాయిస్తుండు" అంటే మన నోటికి వచ్చే మాటలు మూడు. "నువ్వెందుకు ఆ దారిన పోయినవ్?" "ఇంకెవరికైనా చెప్పినవా?" "రేపట్నించి కాలేజీ బంద్." మూడూ ప్రేమతోనే వస్తాయి, రెండు వేల మైళ్ల దూరంలో ఏం చేయలేమన్న భయంతో వస్తాయి. ఇందాక చెప్పిన ప్రయోగంలో కూడా అంతే, ఆపలేనివాళ్లే నింద వేశారు. కానీ ఆ మూడు మాటలు విన్న బిడ్డ రెండోసారి చెప్పదు. సతాయించేవాడికి కావాల్సింది కూడా అదే. ఫీజు కట్టించుకున్న కాలేజీ ఉంటుంది, వాడు ఉంటాడు, బండి ఉంటుంది. పోయేది మన బిడ్డ చదువే.

బదులుగా ఇట్లా అనండి. "చెప్పి మంచి పని చేసినవ్ బిడ్డా. తప్పు నీది కాదు. నువ్వేం చేద్దామనుకుంటున్నవ్?" ఆ తర్వాత పని మొదలుపెట్టాలి. మెసేజ్‌లు, ఫోటోలు డిలీట్ చేయకుండా దాచమనండి. తేదీ, టైము రాసుకోమనండి. ప్రతి డిగ్రీ కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని యూజీసీ 2015లోనే నిబంధన పెట్టింది, ఉందా లేదా అడగమనండి. 112 అత్యవసరానికి, 181 మహిళలకు, పద్దెనిమిది ఏళ్లలోపు వాళ్లకు 1098. తెలంగాణలో 2014 అక్టోబరు నుంచి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి, మఫ్టీలో వచ్చి పట్టుకుంటాయి. అట్లా దొరికిన చదువుకునే పిల్లలను తల్లిదండ్రుల ముందు కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తాయి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపుకు 75వ సెక్షన్, వెంటపడటానికి 78వ సెక్షన్ ఉన్నాయి. మొదటిసారి వెంటపడినందుకే మూడేళ్ల దాకా జైలు.

ఇక కొడుకు సంగతి. కూతురికి రోజూ "ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్, ఎవరితో ఉన్నావ్" అని అడుగుతాం. కొడుక్కి బండి కొనిచ్చేది మనం, ఫోన్ కొనిచ్చేది మనం, అతన్ని మాత్రం అడగం. ఆ మూడు ప్రశ్నలు అతన్నీ అడుగుదాం. ఇంకో ప్రశ్న కలుపుదాం. మేము పిల్లలకు చెప్పిన బస్టాపు కథ చెప్పి, "తప్పెవరిది?" అని అడగండి. "వాళ్లదే, కాకపోతే" అని వస్తుంది. కోప్పడొద్దు. "సరే, ఆ బస్టాపులో నిలబడ్డది నువ్వే అనుకో. చీకటి పడింది, బస్సు రాలేదు, వాళ్లిద్దరున్నారు, నువ్వొక్కడివే. ఇప్పుడు చెప్పు" అనండి. అడిగినాక మనం మాట్లాడొద్దు, వాడు ఆలోచించుకోవాలి. మేము అడిగిన పిల్లల్లో ఒకడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎవరికన్నా ఫోన్ చేస్త బాబాయ్, గని ఎవరికి చేయాల్నో తెలుస్తలేదు" అన్నాడు. వాడికి అప్పుడు అర్థమైంది.

వచ్చే శుక్రవారం అందరం ఇంటికి ఫోన్ చేస్తాం. పైసలు అందినయా, అమ్మ బీపీ గోలీలు వేసుకుంటుందా అని అడుగుతాం. దాంతో పాటు ఒక్క మాట బిడ్డకు ముందే చెప్పి పెడదాం. "దారిలో ఎవడైనా ఏమన్నా అంటే నాకు చెప్పు. నీ చదువు ఆపను" అని. ఏదో జరిగాక చెప్పడం కంటే ఇప్పుడే చెప్పడం మేలు. ఆ మాట ఉందని తెలిస్తే ఆమె ఫోన్ చేస్తుంది.